సాగనంపని ప్రయాణం

కిందటి వారం మనం మేస్త్రమ్మను జీడిపిక్కల షెడ్డు మధ్యలో, అందరి కళ్ళ ముందు, ఒట్టి చేతులతో నిలబెట్టి వచ్చాం. సముద్రానికి అవతల, ఆఫ్రికాలో ఉన్న ఆ దేశం ఇన్నేళ్ళుగా పచ్చి పిక్కలు పంపుతోంది. ఇక్కడి ఆడవాళ్ళు వాటిని కొట్టి, పొట్టు తీసి, ఏరి, డబ్బాలకు ఎత్తుతున్నారు. ఇకమీదట మా పిక్కలు మేమే కొట్టుకుంటాం అంటోంది ఆ దేశం. రెండు ప్రభుత్వాలూ కూర్చుని ఒడంబడిక రాసుకుంటున్నాయి. పిక్కలు ఒక్కసారిగా ఆపరు, ఏడాదికింత తగ్గిస్తూ వస్తారు. బదులుగా ఇక్కడినుంచి పని తెలిసిన మనిషి వెళ్ళి అక్కడి ఆడవాళ్ళకు నేర్పాలి. ఆ మనిషిని ఎంచుకోవడానికి వాళ్ళ రాయబార కార్యాలయం నుంచి ఒక అధికారిణి వచ్చింది. షెడ్డులో ఆవిడకు అప్పుడే రాయబారమ్మ అని పేరు పడిపోయింది. షావుకారు ఆ పూట కోసం పంచిపెట్టిన కొత్త గ్లౌజులు తీయించి, జీడి కారి నల్లబడ్డ మేస్త్రమ్మ వేళ్ళు చాలాసేపు చూసి, "నువ్వు వస్తావా?" అని అడిగింది. మేస్త్రమ్మ అవుననలేదు, కాదనలేదు. రేపు పొద్దున చెబుతానంది.

ఆ కబురు మేస్త్రమ్మ కంటే ముందే ఇల్లు చేరింది. చేరక ఏం చేస్తుంది, పక్క వాటాలో ఉండేది చిలక. మేస్త్రమ్మ భర్తకు సొంత చెల్లెలు. షెడ్డులో పిక్క చీల్చే కత్తెర మిషన్ మీద ఆమెను మించినవాళ్ళు లేరు, నోట్లో మాత్రం నువ్వుగింజ నానదు. ఆ పేరు ఎవరు పెట్టారోగాని కన్నతల్లి కూడా అలాగే పిలుస్తుంది.

మేస్త్రమ్మ చెప్పులు విడిచి లోపలికి వచ్చేసరికి చిలక వంటింటి గుమ్మానికి అడ్డంగా పీట వేసుకుని కూర్చుని ఉంది. లోపల అత్తగారు చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. పొయ్యి మీద గిన్నె పొంగబోతే, గుడ్డ కోసం చూడకుండా ఉత్త చేతుల్తో దించి పక్కన పెట్టింది. ఆ ఇంట్లో అలా దించగలిగేది ఆవిడొక్కతే. ఎన్నో ఏళ్ళు జీడిలో నానిన వేళ్ళు అవి. వాటికి వేడీ తెలియదు, బ్యాంకులో వేలిముద్ర మిషన్ మీద ఆనిస్తే గీతలూ పడవు.

"రావమ్మా, విదేశీ వదినా," అంది చిలక, పీట జరపకుండా. "పెట్టె సర్దుకోవడానికి వచ్చావా, మాకు సర్దిచెప్పడానికి వచ్చావా?"

"కాళ్ళు కడుక్కోవడానికి వచ్చాను. జరుగు."

"ముందు చెప్పు. వెళ్తున్నావా?"

"రేపు చెబుతానన్నానుగా."

"అది వాళ్ళకి. నేనడిగేది ఇంట్లో మనిషిగా."

మేస్త్రమ్మ ఆమె భుజం పట్టుకుని కాస్త పక్కకు ఒరిగించి లోపలికి వెళ్ళింది. పెరట్లో కాళ్ళు కడుక్కుని, చేతులకు ఆముదం పట్టించుకుంటూ తిరిగొచ్చేదాకా చిలక గొంతు ఆగలేదు.

"దీనికి పెద్ద చదువులు అక్కర్లేదు వదినా. వాళ్ళు నేర్చుకుంటే పిక్కలు ఇటు రావు. పిక్కలు రాకపోతే షెడ్డుండదు. షెడ్డు లేకపోతే నేను ఇంట్లో కూర్చుని గోళ్ళు గిల్లుకోవాలి. నా కూతురి నర్సింగు చదువు సగంలో ఉంది. కూర్చున్న కొమ్మ నరుక్కోవడం అంటారే, అది విన్నాను. ఆ కొమ్మ మీద అందర్నీ కూర్చోబెట్టి మరీ నరకడం ఇప్పుడే చూస్తున్నా."

"నేను వెళ్ళకపోతే పక్క ఊరి షెడ్డు నుంచి ఇంకొకళ్ళు వెళ్తారు."

"వెళ్ళనీ. తిట్టుకోవడానికి మాకు పరాయి మనిషి దొరుకుతుంది. నువ్వు వెళ్తే ఎవర్ని తిట్టను? తిట్టిన నోటితోనే మళ్ళీ సాయంత్రం ఉప్పు అడగడానికి రావాలి."

మేస్త్రమ్మకు నవ్వొచ్చింది, కానీ నవ్వలేదు. చిలక కళ్ళు ఎర్రగా ఉన్నాయి. షెడ్డు నుంచి దారి పొడుగునా ఏడ్చుకుంటూ వచ్చినట్టుంది.

ఇంతలో లారీ ఆగిన చప్పుడైంది. మేస్త్రమ్మ భర్త రేవు నుంచి బస్తాలు తోలే మనిషి. లోపలికొచ్చి, ముగ్గురి ముఖాలూ చూసి, ఏమీ అడగకుండా కంచం తెచ్చుకుని కూర్చున్నాడు.

"అన్నయ్యా, నువ్వేమంటావ్?" అంది చిలక.

"నాదేముంది. ఎటు తిప్పితే అటు వెళ్ళే బండి నాది."

"స్టీరింగు పట్టుకునేవాడివి నువ్వే కదరా," అంది అత్తగారు.

ఆయన నాలుగు ముద్దలు తిన్నాక తనలో తాను అనుకున్నట్టు, "ఓడ వచ్చి వారమైంది," అన్నాడు. "ఇదివరకైతే లంగరు వేయకముందే షావుకారు ఫోన్ల మీద ఫోన్లు. ఈసారి తొందరేం లేదు, మెల్లగా తోలమంటున్నాడు. గోడౌన్ సగం ఖాళీ."

ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. చిలక తల్లి వైపు తిరిగింది.

"అమ్మా, నువ్వయినా చెప్పు. ఆ షెడ్డు నీ చేతుల మీద పెరిగింది. నీ తర్వాత మేస్త్రీ పని వదినకొచ్చింది. ఇప్పుడు అదంతా తీసుకెళ్ళి పరాయి ఊరివాళ్ళ ఒళ్ళో పోస్తుందట. చూస్తూ ఊరుకుంటావా?"

అత్తగారు చేతిలోని కాయ తుంచి గిన్నెలో వేసింది. ఇంకొకటి తీసుకోలేదు.

"నేను వచ్చేనాటికి ఈ ఊళ్ళో పిక్క కొట్టడం ఎవరికి వచ్చేది?" అంది.

"అదేంటి, షెడ్డు ఉందిగా."

"షెడ్డుంది. నాలుగు గోడలూ, మీద రేకులూ. కొట్టే చేతులు లేవు. నా పుట్టిల్లు ఏట్లో కొట్టుకుపోయిందని మీకు చెప్పాను కదా."

"చిన్నప్పటినుంచీ వింటున్నాం. అందుకే వానాకాలం నువ్వు ఏటి వైపు చూడవని కూడా తెలుసు."

"ఏరూ రాలేదు, ఏమీ రాలేదు. ఇల్లు ఇప్పటికీ ఉంది. పొద్దున రైలెక్కితే పొద్దుగూకేలోపు చేరతాం."

కంచంలో ఆయన చెయ్యి ఆగిపోయింది. మేస్త్రమ్మ ఆముదం సీసా మూత పెట్టడం మర్చిపోయి అలాగే పట్టుకుని ఉంది. ఆ ఇంటికి కోడలిగా వచ్చిన నాటినుంచీ అత్తగారి పుట్టింటి సంగతి ఎత్తకూడదని ఆమెకు తెలుసు. చచ్చినవాళ్ళను తలిస్తే బాధపడుతుందని ఆయనే మొదట్లో చెప్పాడు.

"మా ఊళ్ళో వీధికో షెడ్డు ఉండేది," అంది అత్తగారు. "ఇప్పటి షావుకారు తాతగారు ఒకసారి వచ్చి చూసి, నా చెయ్యి చూసి, మా ఊరొచ్చి నేర్పమన్నాడు. అప్పుడు మిషన్లు లేవు. కాల్చిన పిక్కను కర్రసుత్తితో కొట్టేవాళ్ళం, చేతులకు బూడిద రాసుకుని. గట్టిగా కొడితే పప్పు నుజ్జు, మెల్లగా కొడితే డిప్ప విడదు. అది చెబితే వచ్చేది కాదు, పక్కన కూర్చోబెట్టుకుని చేయి పట్టి నేర్పాలి. తెల్లారగట్ల ఎవరికీ చెప్పకుండా రైలెక్కాను. చెబితే పంపరని తెలుసు. ఈ ఊరివాళ్ళకు చేయి తిరిగింది, ఇక్కడ కూలి తక్కువ, రేవు దగ్గర. మా ఊళ్ళో ఒక్కొక్క షెడ్డే మూతపడింది. మీ తాతయ్య కబురు పెట్టాడు, ఇటు రావద్దని. నేనూ వెళ్ళలేదు. బాయిలర్ దగ్గర పనిచేసే మీ నాన్నను చేసుకుని ఇక్కడే ఉండిపోయాను."

చిలక నోటివెంట చివరికి ఒక్కటే వచ్చింది.

"అయితే నాకు మేనమామలున్నారా?"

"ఇద్దరు. చిన్నవాడు నీలాగే. నోరు ఆగదు."

చిలక తల దించుకుని పీట అంచును గోటితో గీకింది. తర్వాత కొంగుతో ముక్కు తుడుచుకుంది.

అత్తగారు కోడలి వైపు తిరిగింది. "వెళ్ళొద్దని నేననను, అమ్మాయ్. పని ఎవరి సొత్తూ కాదు. ఆకలున్న చోటికి అదే నడుచుకుంటూ పోతుంది. మా ఊరి నుంచి ఈ ఊరికి అలాగే వచ్చింది, ఇప్పుడు సముద్రం దాటుతానంటోంది. నువ్వు ఆపినా ఆగదు. కానీ నేను చేయనివి రెండున్నాయి. అవి నువ్వు చెయ్యి. పనంతా నాతోపాటు తెచ్చేశాను, కొంతైనా అక్కడ ఉంచమని అడగలేదు. అడగందే అమ్మయినా పెట్టదే, షావుకారు పెడతాడా?"

"రెండోది?"

"నన్నెవరూ సాగనంపలేదు. సాగనంపని మనిషికి తిరిగొచ్చే దారి ఉండదు. నువ్వు వెళ్ళేనాడు ఈ ఆడవాళ్ళందరూ వీధి చివరిదాకా వచ్చి పంపాలి. వాళ్ళ చేత పంపించుకునే మాట ఏదో నువ్వే వెతుక్కో."

మేస్త్రమ్మ సీసా మూత బిగించి అలమరలో పెట్టింది. అత్తగారి ముందున్న చిక్కుడుకాయల చేట తన వైపు లాక్కుంది. చేట సగమయ్యేదాకా ఈనెలు తీసింది. ఈనె తీసిన కాయ ఒక పక్క, తీయనిది ఒక పక్క. ఆమె చూపు ఆ రెండు కుప్పల మీదే ఉంది.

"చిలకా," అంది చివరికి. "రేపు నువ్వూ రా నాతో."

"సాక్ష్యానికా? పిల్లికి ఎలుక సాక్ష్యమని నవ్వుతారు."

"కాపలాకి. నేనేం అడుగుతానో నీ చెవులతో విను. వినొచ్చి షెడ్డులో చెప్పు. నీకంటే బాగా, నీకంటే వేగంగా ఎవరు చెబుతారు?"

"అది మాత్రం నిజం," అన్నాడు ఆయన, కంచం ఎత్తుకుంటూ.

*

షావుకారు గది షెడ్డు పక్కనే. ఒక బల్ల, దాని మీద మూడు పళ్ళేలు. ఒకదాంట్లో గుండు పప్పు, ఒకదాంట్లో బద్దలు, ఒకదాంట్లో ముక్కలు. తల మీద గడగడలాడే ఫ్యాను. మూలన ఎత్తు బల్ల మీద వాళ్ళ తాతగారి నాటి ఇత్తడి త్రాసు ఉండాలి. ఇవాళ లేదు. మెరుగు పెట్టడానికి ఇచ్చి ఉంటారనుకుంది మేస్త్రమ్మ. బల్ల కింద కొత్త చెక్కపెట్టె ఒకటి ఉంది, సగం గోనె కప్పి.

రాయబారమ్మ ముందే వచ్చి కూర్చుని ఉంది. మేస్త్రమ్మ వయసే ఉంటుంది. ముదురు ఆకుపచ్చ దుస్తులు, పొట్టిగా కత్తిరించిన జుట్టు, ఎదుటి మనిషి మాట అర్థం కాకపోయినా కళ్ళలోకి చూసి వినే అలవాటు. పక్కన దుబాసీ. లావుపాటి మనిషి, చెమట తుడుచుకుంటూ ఉన్నాడు. మేస్త్రమ్మ, చిలక బల్లకు ఇవతల నిలబడ్డారు. ఆ గదిలో పనివాళ్ళు కూర్చోవడం ఎప్పుడూ లేదు.

రాయబారమ్మ చాలాసేపు మాట్లాడింది. దుబాసీ విని, "వచ్చినందుకు సంతోషం అంటున్నారు," అన్నాడు.

"అంతసేపూ మాట్లాడింది అదొక్కటేనా?" అంది చిలక. "మిగతాది మీరు దారిలో దింపేశారా?"

దుబాసీ ఇబ్బందిగా కదిలాడు. ఆ తర్వాత నుంచి ఒక్క మాట వదలకుండా చెప్పాడు.

"వస్తాను," అంది మేస్త్రమ్మ. "అయితే రెండు మాటలున్నాయి. మొదటిది చేతుల సంగతి. నా చేతులు చూశారు. నేను నేర్పబోయే ఆడవాళ్ళకు ఇలాంటివి రాకూడదు. చేతికి నూనె లేకుండా, కొలతకు కుట్టిన గ్లౌజు లేకుండా ఎవరూ కత్తెర ముందు కూర్చోరు."

"గ్లౌజుతో పప్పు విరుగుతుంది," అన్నాడు షావుకారు. "నిన్న చూశావుగా, పళ్ళెం నిండా ముక్కలే."

"మీరు పంచినవి మగవాళ్ళ కొలతవి, షావుకారుగారూ. మా వేళ్ళు వాటిలో ఈదాయి. కొలతవైనా మొదట్లో విరుగుతుంది. విరగనివ్వండి. చేతులు కాలాక ఆకులు పట్టుకునే పని మేం చేశాం, చాలు."

దుబాసీ చెప్పడం పూర్తికాకముందే రాయబారమ్మ తల ఊపింది. "అందుకే నిన్న నీ గ్లౌజులు తీయించాను. వేళ్ళు దాచుకునే మనిషినైతే అడిగి ఉండేదాన్ని కాదు. రెండోది చెప్పు."

"పిక్క అక్కడ కొట్టండి. కొట్టాక పొట్టుతో ఉన్న పప్పును ఇటు పంపండి. పొట్టు తీయడం, ఏరడం మా షెడ్డుకు ఉంచాలి. ఒడంబడికలో ఆ మాట ఉండాలి."

రాయబారమ్మ ముఖం గట్టిపడింది. కుర్చీలో ముందుకు జరిగింది.

"పచ్చి సరుకు మా రేవు దాటిపోతోందనే కదా మా బాధ. సగం పని మళ్ళీ దాటించమంటున్నావా? మా ఆడవాళ్ళు పొట్టు తీయలేరా?"

"తీయగలరు. అదీ నేనే నేర్పుతాను. కాకపోతే ముందు కొట్టడం. గుండు పప్పు గుండుగా బయటికి రావడానికే ఏళ్ళు పడుతుంది. అందర్నీ అక్కడ కూర్చోబెట్టాలి. అన్నాళ్ళూ పొట్టు ఎవరో ఒకరు తీయాలి కదమ్మా. మేం తీస్తాం. మీవాళ్ళకు అదీ చేతికొచ్చేలోపు మా పిల్లలు చదువులు పూర్తిచేసుకుని వేరే దారి పడతారు. పొయ్యి ఒక్కసారిగా ఆర్పెయ్యొద్దంటున్నాను. సెగ తగ్గించండి. ఇక్కడ అన్నం మాడకుండా, అక్కడ ఉడికేలా."

దుబాసీ ఆ చివరి మాటను రెండుసార్లు మార్చి మార్చి చెప్పాడు. రాయబారమ్మ వెనక్కి ఆనుకుని కాసేపు పళ్ళెంలోని గుండు పప్పు వైపు చూసింది. ఒకటి తీసి వేళ్ళ మధ్య తిప్పింది.

"మా అమ్మ బతుకంతా చెట్ల కింద పిక్కలు ఏరింది," అంది. "బస్తాలు నింపి పంపేది. లోపల ఇంత తెల్లగా ఉంటుందని ఆమెకు తెలియదు. నా మొదటి ఉద్యోగంలో ఒక డబ్బా కొని ఇస్తే, ఇదేం గింజ అని అడిగింది." పప్పును మళ్ళీ పళ్ళెంలో పెట్టింది. "నా ముందు ఎప్పుడూ ఆమే ఉంటుంది. నీ ముందు వీళ్ళున్నారు. నీమీద కోపం తెచ్చుకోలేను. నువ్వడిగింది శాశ్వతంగా అయితే కుదరదు. మావాళ్ళు నేర్చుకునేదాకా అయితే, రాజధానిలో నేను మాట్లాడతాను."

చిలక వదిన మోచేతిని గట్టిగా పట్టుకుంది. పట్టుకున్న సంగతి ఆమెకే తెలిసినట్టు లేదు.

"కానీ ఒకటి," అంది రాయబారమ్మ. "మా ప్రభుత్వం అడ్డు చెప్పకుండా నేను చూడగలను. పప్పు ఎక్కడికి పంపాలో చివరికి తేల్చేది అక్కడ ఫ్యాక్టరీ పెట్టే యజమాని. అతను ఒప్పుకోవాలి."

"ఎవరాయన? ఆయన్నే అడుగుతాను," అంది మేస్త్రమ్మ.

దుబాసీ ఆ ప్రశ్నను తర్జుమా చేశాడు. రాయబారమ్మ కనుబొమలు పైకి లేచాయి. మేస్త్రమ్మ వైపు చూసింది. తర్వాత, ఇదేమిటన్నట్టుగా, షావుకారు వైపు చూసింది.

షావుకారు పళ్ళేలు సర్దడం మొదలుపెట్టాడు. "టీ చెబుతాను," అన్నాడు. "పొద్దున్నుంచీ ఎవరూ ఏమీ తాగలేదు."

లేవబోతూ కుర్చీ వెనక్కి తోశాడు. కుర్చీ కాలు గోనెకు తగిలింది. గోనె జారి కింద పడింది. చెక్కపెట్టె సందుల్లోంచి ఎండుగడ్డి, గడ్డిలోంచి ఇత్తడి పళ్ళెం అంచు కనిపించాయి. త్రాసు మెరుగుకు వెళ్ళలేదు. పెట్టె మూత మీద నీలం రంగుతో పడవ బొమ్మ వేసి ఉంది. రంగు ఇంకా పూర్తిగా ఆరలేదు.

ఆ పడవ తెలియని మనిషి షెడ్డులో లేదు. ఆ దేశపు రేవు ముద్ర అది. ఇన్నేళ్ళుగా దించిన ప్రతి బస్తా మీదా అదే పడవ. ఖాళీ బస్తాలు చింపి కుట్టి చిలక తన కూతురికి బడి సంచీ చేసింది, దాని మీద కూడా అదే. ఇక్కడినుంచి వెళ్ళే పెట్టె మీద ఆ పడవను చూడటం మాత్రం ఇదే మొదలు.

"అదేంటి, మన త్రాసు మీద వాళ్ళ..." అని మొదలుపెట్టి చిలక సగంలో ఆగిపోయింది.

గోడౌన్ సగం ఖాళీ అన్న భర్త మాట మేస్త్రమ్మకు అప్పుడు వినిపించింది. నిన్న కంచం ముందు అన్నప్పుడు వినలేదు. దానితోపాటు అత్తగారు, తెల్లారగట్ల రైలు, ఒక్కొక్కటిగా మూతపడ్డ షెడ్లు. తాత రైలు మీద చేసిన పనిని మనవడు ఓడ మీద చేస్తున్నాడు. అప్పుడు తీసుకెళ్ళిందీ ఈ కుటుంబమే, అడగకుండా వెళ్ళిందీ తమ ఇంటి మనిషే.

షావుకారు నిలబడీ నిలబడనట్టు ఉన్నాడు. టీ మాట మళ్ళీ ఎత్తలేదు.

మేస్త్రమ్మ గోడవారగా ఉన్న కుర్చీని రెండు చేతులతో ఎత్తి తెచ్చి, బల్లకు ఎదురుగా వేసుకుని, కూర్చుంది. నల్లబడ్డ చేతులు రెండూ బల్ల మీద, పళ్ళేల పక్కన పెట్టింది.

"కూర్చోండి, షావుకారుగారూ," అంది. "ఆ ఫ్యాను కూడా ఆపండి. మీరు చెప్పేది నాకు సరిగ్గా వినిపించాలి." తర్వాత దుబాసీ వైపు తిరిగింది. "మీరు కాస్త చెమట ఆర్చుకోండి బాబూ. ఇక్కడినుంచి బేరం మా భాషలోనే."

చిలక వెళ్ళి తలుపు గడియ పెట్టి, దానికి వీపు ఆనించి నిలబడింది.